పార్కిన్సన్స్‌కు వ్యాయామం: జంతువుల మీద ప్రయోగాలు ఏం తేల్చాయి, ఎంతవరకు నమ్మవచ్చు

63 ఏళ్ల మీ నాన్నగారికి రెండేళ్ల కిందట పార్కిన్సన్స్ వ్యాధి అని తేలిందని, వ్యాయామం చేయించిన ఎలుకల్లో మెదడు కణాలు చనిపోకుండా నిలిచాయని ఎక్కడో చదివారని రాశారు. అది నిజమేనా, నిజమైతే ఆయనకూ అలాగే జరుగుతుందా, జరిగేటట్లయితే మాత్రలు తగ్గించుకోవచ్చా అని అడిగారు. ఈ వ్యాధికి సంబంధించిన జంతు నమూనాలతో, అంటే ఈ వ్యాధిని కృత్రిమంగా కలిగించిన జంతువులతో, పనిచేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందు క్లుప్తంగా చెప్పాలంటే, మీరు చదివింది కొన్ని పరిస్థితులలో నిజమే. మీ నాన్నగారి విషయంలో కణాలు చనిపోకుండా ఆగుతాయనడానికి ఇప్పటికి గట్టి ఆధారం లేదు. అయితే మిగిలి ఉన్న కణాలతోనే మెదడు ఇంకా బాగా పనిచేసేలా వ్యాయామం చేయగలదనడానికి జంతువులలోనూ ఆధారం ఉంది, మనుషులలో వచ్చిన ఫలితాలూ ఆ దిశలోనే ఉన్నాయి. ఆయనకు అసలు పనికొచ్చే సంగతి ఇదే. మాత్రలు మాత్రం తగ్గించకూడదు.

పత్రికలలో ఈ రెండు విషయాలనూ కలిపేసి రాయడం వల్లనే చాలా కుటుంబాలలో లేనిపోని ఆశలు, ఆ తర్వాత నిరాశ కలుగుతున్నాయి. అందుకే ప్రయోగాలు ఎలా చేశారో తెలుసుకుంటే తప్ప వాటి ఫలితాలను సరిగ్గా బేరీజు వేయలేమని నా అభిప్రాయం.

పార్కిన్సన్స్ వ్యాధిలో మెదడు కాండం పైభాగంలో ఉండే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతంలోని నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. ఈ కణాల పొడవాటి తంతువులు స్ట్రయేటం అనే భాగానికి వెళ్లి అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. కదలికలు మొదలుపెట్టడానికీ, వాటి వేగాన్నీ పరిమాణాన్నీ అదుపు చేయడానికీ ఈ డోపమిన్ అవసరం. చేయి వణకడం, నడక నెమ్మదించడం వంటి లక్షణాలు బయటపడేనాటికే ఈ కణాలలో పెద్ద భాగం పోయి ఉంటుంది. అంటే రోగి డాక్టర్ దగ్గరకు వచ్చేసరికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఎలుకలకు ఈ వ్యాధి సహజంగా రాదు కాబట్టి పరిశోధకులే దాన్ని కృత్రిమంగా కలిగించాలి. ఇందుకు ఎక్కువగా వాడేవి రెండు విషాలు. ఒకటి 6-హైడ్రాక్సీడోపమిన్. దీన్ని ఎలుక మెదడులో ఒకవైపు మాత్రమే ఎక్కిస్తారు. అటువైపు డోపమిన్ కణాలు నశించి, శరీరంలో దానికి ఎదుటి వైపు కాళ్లు సరిగ్గా పనిచేయడం మానేస్తాయి. రెండోది ఎంపీటీపీ. 1982లో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు ఉన్నట్టుండి కట్టెల్లా బిగుసుకుపోయి, ముసలితనంలో వచ్చే పార్కిన్సన్స్ లక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు దీని మూలాన్ని వెతికితే ఆ మత్తుమందు తయారీలో పొరపాటున ఏర్పడిన ఎంపీటీపీ దొరికింది. ఇది మెదడులోకి చేరాక మరో రూపంలోకి మారి, డోపమిన్ కణాలు తాము వదిలిన డోపమిన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ద్వారం గుండానే వాటిలోకి చొరబడి, వాటి శక్తి ఉత్పత్తిని ఆపేస్తుంది. రాట్ జాతి ఎలుకలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి కాబట్టి దీన్ని చిట్టెలుకలలోనూ కోతులలోనూ వాడతారు. ఇకపై నేను ఎలుక అన్నచోట రాట్ అనీ, చిట్టెలుక అన్నచోట మౌస్ అనీ అర్థం చేసుకోండి.

వ్యాయామం విషయంలో అందరినీ ఆకర్షించిన ప్రయోగం 2001లో వెలువడింది. అమెరికాలోని టెక్సస్‌లో టిమొతీ షాలర్ట్, పిట్స్‌బర్గ్‌లో మైఖేల్ జిగ్మండ్ బృందాలు కలిసి చేసిన ఆ పనికి ప్రధాన రచయిత జెనిఫర్ టిల్లర్సన్. అందులో ట్రెడ్‌మిల్ లేదు, పరుగు చక్రం లేదు. ఎలుక మెదడులో ఒకవైపు విషం ఎక్కించిన వెంటనే, బాగా పనిచేసే ముందుకాలికి వారం రోజులు కదలకుండా కట్టు కట్టేశారు. దాంతో విషం వల్ల చచ్చుబడబోతున్న కాలినే ప్రతి పనికీ వాడక తప్పని పరిస్థితి ఆ ఎలుకకు వచ్చింది. వారం తర్వాత కట్టు విప్పి పరీక్షిస్తే ఆ ఎలుకలకూ ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకూ ముందుకాళ్లు వాడే తీరులో తేడా కనిపించలేదు. కట్టు లేని ఎలుకలతో పోలిస్తే వాటి స్ట్రయేటంలో డోపమిన్ కూడా గణనీయంగా మిగిలి ఉంది.

ఈ పరీక్ష ఎలా ఉంటుందో చెబితే ఫలితం విలువ తెలుస్తుంది. ఎలుకను పారదర్శకంగా ఉండే ఒక పొడవాటి గొట్టంలో వదులుతారు. కొత్త చోటు కాబట్టి అది వెనకకాళ్ల మీద లేచి, గోడను ముందుకాళ్లతో తడుముతూ పైకి చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక రెండు కాళ్లనూ ఇంచుమించు సమానంగా ఆనిస్తుంది. ఒకవైపు డోపమిన్ పోయిన ఎలుక మంచి కాలినే మళ్లీ మళ్లీ ఆనిస్తూ, రెండో కాలిని పొట్ట దగ్గరకు ముడుచుకుని వేలాడదీస్తుంది. వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి, ఏ కాలు ఎన్నిసార్లు గోడను తాకిందో లెక్కపెడతారు. ఇందులో శిక్షణ లేదు, బహుమతి లేదు, భయపెట్టడం లేదు కాబట్టి ఎలుక తనంతట తాను ఏం చేస్తుందో అదే కనిపిస్తుంది. తీవ్రంగా దెబ్బతిన్న ఎలుకను ఈ గొట్టంలో ఒక్కసారి చూసినవారు ఆ ముడుచుకున్న కాలిని మరచిపోలేరు. కట్టు కట్టిన గుంపులో ఆ ముడుచుకోవడమే లేదు.

అయితే అదే ప్రయోగంలో వార్తలలోకి ఎక్కని మరో భాగం ఉంది, మీ ప్రశ్నకు అదే కీలకం. కట్టును మొదటి రోజున కాకుండా మూడో రోజున మొదలుపెట్టినప్పుడు ప్రయోజనం కొంతవరకే దక్కింది. ఏడో రోజున మొదలుపెట్టినప్పుడు కణాల రక్షణ కనిపించలేదు. విషం పనిచేస్తున్నంతసేపే, అంటే కణాలు కొట్టుమిట్టాడుతున్న ఆ కొద్ది రోజులలోనే కాలి వాడకం వాటిని ఆదుకోగలిగింది. మరుసటి ఏడాది అదే బృందం దీన్ని తిరగేసి చేసింది. సుమారు 20 శాతం డోపమిన్ మాత్రమే తగ్గించే, బయటికి లక్షణాలేవీ కనిపించని తక్కువ మోతాదు విషం ఇచ్చి, ఆ విషం ప్రభావం పడే కాలినే కట్టేసి వాడకుండా చేస్తే నష్టం 60 శాతం దాకా పెరిగింది, లక్షణాలూ స్థిరపడ్డాయి. కదలకపోవడం హాని చేస్తుందని చూపిన ఈ రెండో ఫలితం మొదటిదానికన్నా ముఖ్యమైనదని నేను అనుకుంటాను. ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయనను ప్రేమతోనే అయినా కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించే మన అలవాటును చూసినప్పుడల్లా నాకు ఆ ప్రయోగమే గుర్తుకు వస్తుంది. ఎలుకలో వారం రోజులలో జరిగినది మనిషిలో అదే విధంగా జరుగుతుందని రుజువు కాలేదు. అయినా కదలిక మానేస్తే కండరం, సమతూకం, ధైర్యం మూడూ తగ్గిపోవడం ఏ ఫిజియోథెరపిస్టును అడిగినా చెబుతారు.

విషం ఇవ్వడానికి ముందే వ్యాయామం చేయిస్తే ఏమవుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. 2003లో పిట్స్‌బర్గ్ బృందమే, విషానికి ముందు వారం రోజులు ఒక కాలిని ఎక్కువగా వాడించినా కణాలకు రక్షణ దొరుకుతుందనీ, ఆ వాడకం వల్ల స్ట్రయేటంలో జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుందనీ చూపింది. నాడీకణాలు బతకడానికీ తంతువులు వేయడానికీ తోడ్పడే పోషక ప్రొటీన్లలో ఇది ఒకటి, బీడీఎన్‌ఎఫ్ మరొకటి. 2010లో అమెరికాలోని మెంఫిస్‌లో రిచర్డ్ స్మైన్ బృందం చిట్టెలుకలకు పరుగు చక్రాలిచ్చి, ఆ తర్వాత ఎంపీటీపీ ఎక్కించింది. మూడు నెలలు ఇష్టం వచ్చినంత పరిగెత్తిన వాటికి పూర్తి రక్షణ దొరికింది, పరుగును తగ్గించిన వాటికి ఆ మేరకు రక్షణా తగ్గింది. రెండేళ్ల తర్వాత అదే బృందం, పుట్టుకతోనే బీడీఎన్‌ఎఫ్ సగం మాత్రమే తయారయ్యే చిట్టెలుకలతో మళ్లీ చేసినప్పుడు పరుగు వాటిని కాపాడలేకపోయింది. రక్షణకు ఆ ప్రొటీన్ తగినంత ఉండడం అవసరమని దీన్నిబట్టి తెలిసింది.

ఇవి చక్కని ప్రయోగాలు. కానీ వీటిని చదివేటప్పుడు ఒక అనుమానం మనసులో ఉంచుకోవాలి. ఎంపీటీపీ గురించి పైన చెప్పినట్లే, ఈ రెండు విషాలూ డోపమిన్‌ను వెనక్కి లాక్కునే ద్వారం గుండానే కణంలోకి ప్రవేశిస్తాయని గమనించండి. వ్యాయామం వల్ల ఆ ద్వారాల సంఖ్య తగ్గితే కణంలోకి వెళ్లే విషమే తగ్గుతుంది. అప్పుడు మనం చూసింది ఆ విషం నుంచి రక్షణ మాత్రమే. మనిషిలో వ్యాధి ఆ ద్వారం గుండా రాదు కాబట్టి ఆ రక్షణ మనిషికి వర్తించకపోవచ్చు. పైగా వ్యాధి రాకముందు చేసిన వ్యాయామం వ్యాధి వచ్చినవారి ప్రశ్నకు జవాబు కాదు. మీకు, మీ తోబుట్టువులకు అది జవాబు కావచ్చు. పెద్ద సంఖ్యలో మనుషులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలలో, మధ్యవయసులో శ్రమతో కూడిన వ్యాయామం చేసినవారిలో పార్కిన్సన్స్ తక్కువగా కనిపించింది. అయితే రోగ నిర్ధారణకు ఏళ్ల ముందే ఈ వ్యాధి మనిషిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి, వ్యాయామం వ్యాధిని ఆపిందా లేక మొదలైన వ్యాధే వ్యాయామాన్ని ఆపిందా అన్న చిక్కు ఆ లెక్కలలో పూర్తిగా తీరదు.

వ్యాయామం కణాలను కాపాడలేదని తేల్చిన ప్రయోగాలు కూడా ఉన్నాయి, వాటి గురించి మీరు చదివి ఉండరు. 2007లో ఎలుకలకు పరుగు చక్రాలిచ్చి చేసిన ఒక అధ్యయనంలో వాటి కదలిక మెరుగుపడింది కానీ డోపమిన్ నష్టం తగ్గలేదు. అదే ఏడాది, విషాన్ని వారాల తరబడి ఇచ్చి తీవ్రమైన, దీర్ఘకాలిక నష్టం కలిగించిన చిట్టెలుకలతో ట్రెడ్‌మిల్ మీద పని చేయించినప్పుడు వాటి గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం పెరిగింది కానీ పోయిన కణాలు తిరిగి రాలేదు. 2005లో ఇంకొక ప్రయోగం దీనికి సరిగ్గా తలకిందులుగా వచ్చింది: ట్రెడ్‌మిల్ వల్ల డోపమిన్ నష్టం తగ్గింది కానీ కదలిక లోపాలు బాగుపడలేదు. కణాల లెక్క, కదలిక మెరుగుదల అనే రెండూ ఎప్పుడూ జంటగా నడవవని ఈ మూడింటినీ కలిపి చూస్తే తెలుస్తుంది. ఎవరైనా ఒకదాన్ని చూపించి రెండోది కూడా జరిగిందని చెబితే నమ్మకండి.

ఇక మీ నాన్నగారికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే పరిశోధన, లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జిజెల్ పెట్జింగర్, మైఖేల్ జాకోవెక్ బృందం చేసినది. వాళ్లు చిట్టెలుకలకు ఎంపీటీపీ ఇచ్చిన వెంటనే పరిగెత్తించలేదు. కణాల మరణం చాలావరకు పూర్తయ్యేదాకా కొన్ని రోజులు ఆగి, నష్టం స్థిరపడిన తర్వాత ట్రెడ్‌మిల్ మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ ఇంచుమించు నెల రోజులు చేయించారు. 2004లో వెలువడిన మొదటి ఫలితాలలో, మొదట్లో వెనకబడిన ఆ చిట్టెలుకలు నెల చివరికి విషం ఎక్కని వాటితో సమానంగా పరిగెత్తాయి. 2007లో, స్ట్రయేటంలో క్షణ క్షణానికీ విడుదలయ్యే డోపమిన్‌ను కొలిచే సున్నితమైన పద్ధతితో చూస్తే, వ్యాయామం చేసిన వాటిలో ప్రతి ప్రేరణకూ ఎక్కువ డోపమిన్ వెలువడుతోందనీ, వెలువడినది నెమ్మదిగా వెనక్కి వెళుతోందనీ తేలింది. బతికిన కణాల సంఖ్యలో గానీ, మొత్తం డోపమిన్ నిల్వలో గానీ వ్యాయామం చేసిన, చేయని గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. చెరువులో నీళ్లు తగ్గినప్పుడు రైతు కాలువ గండ్లు పూడ్చి ఆ కాస్త నీటినే చివరి మడిదాకా పారించుకున్నట్లు, ఆ మెదడు మిగిలిన డోపమిన్‌నే ఎక్కువసేపు నిలుపుకుని వాడుకుంది. డోపమిన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలు కూడా పెరిగాయని అదే బృందం 2010లో బతికి ఉన్న చిట్టెలుకల మెదళ్లను స్కాన్ చేసి చూపింది.

ఈ ప్రయోగాన్ని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఇందులో వ్యాయామం మొదలైన సమయం మీ నాన్నగారి పరిస్థితికి సరిపోతుంది: నష్టం జరిగిపోయింది, కొన్ని కణాలు మిగిలాయి, ఇప్పుడేం చేయగలం అన్నదే అక్కడా ప్రశ్న. చచ్చిన కణాలు లేచి రాకపోయినా కదలిక తిరిగి రావడం సాధ్యమేనని, అలా జరగడానికి మెదడులో ఒక మార్గం ఉందని ఆ చిట్టెలుకలు చూపాయి.

విషాలతో చేసిన నమూనాలలో ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, అక్కడ కణాలు రోజులలో చస్తాయి, మనిషిలో ఏళ్ల మీద చస్తాయి. మనిషి మెదడులో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడతలు సరిగ్గా పడక, ముద్దలుగా పేరుకుని, ఒక కణం నుంచి మరొక కణానికి పాకుతుంది. అందుకే ఇటీవలి పరిశోధనలు ఆ ప్రొటీన్‌తో చేసిన నమూనాలవైపు మళ్లాయి. 2017లో కొలరాడో విశ్వవిద్యాలయం వారు, మార్పు చెందిన ఆల్ఫా-సిన్యూక్లిన్ తయారయ్యే చిట్టెలుకలకు నడివయసులో పరుగు చక్రాలిచ్చి, పోలిక కోసం మరికొన్నిటికి తిరగకుండా బిగించిన చక్రాలిచ్చారు. పరిగెత్తిన వాటి మెదడులో ఆ ప్రొటీన్ గుంపులు తక్కువగా ఉన్నాయి. 2022లో జాన్స్ హాప్‌కిన్స్, హార్వర్డ్ బృందాలు కలిసి, వ్యాయామ సమయంలో కండరం నుంచి రక్తంలోకి వచ్చే ఇరిసిన్ అనే హార్మోన్ చిట్టెలుకలలో ఈ ప్రొటీన్ పేరుకోవడాన్ని, దానివల్ల వచ్చే కదలిక లోపాలను తగ్గించిందని ప్రకటించాయి. అక్కడ హార్మోన్‌ను జన్యు పద్ధతిలో శరీరంలోకి పంపారు, చిట్టెలుకలతో వ్యాయామం చేయించలేదు. 2023లో రోమ్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పాలో కాలబ్రేజీ బృందం, ఎలుకల మెదడులో ఈ ప్రొటీన్ పోగులను ఎక్కించి, వ్యాధి తొలి దశలో నాలుగు వారాలు ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించింది. కదలికతో పాటు జ్ఞాపకానికి సంబంధించిన లోపాలూ తగ్గాయి, నాడీకణాల మధ్య సంధులు తమ బలాన్ని అవసరాన్నిబట్టి మార్చుకునే శక్తి తిరిగి వచ్చింది, ఇందులోనూ బీడీఎన్‌ఎఫ్ పాత్ర కనిపించింది. వ్యాధి నెమ్మదిగా ముదిరే నమూనాలో కణాల రక్షణ గురించి మళ్లీ ఆశ కలిగించినవి ఇవే. కానీ ఇక్కడ కూడా తొలి దశ అన్న మాటను వదిలేసి చదవకూడదు.

జంతువుల ఫలితాలను మనుషులకు అన్వయించేటప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతి పోలిక గుంపు. ప్రయోగశాలలో వ్యాయామం లేని ఎలుక అంటే, చెప్పుల పెట్టెకన్నా కొంచెం పెద్ద పంజరంలో, చేతికందే దూరంలో తిండి, నీళ్లు పెట్టుకుని జీవితమంతా గడిపే జంతువు. అవకాశమిస్తే చిట్టెలుక ఒక్క రాత్రిలో కొన్ని కిలోమీటర్లు పరిగెత్తుతుంది. కాబట్టి ఆ ప్రయోగాలలో వ్యాయామం అంటున్నది నిజానికి సహజ జీవితానికి దగ్గరైన స్థితి కావచ్చు, వ్యాయామం లేకపోవడం అంటున్నది ఒక జబ్బు స్థితి కావచ్చు. దీనికి తోడు ఎక్కువ ప్రయోగాలు వయసులో ఉన్న మగ జంతువులతో చేసినవి. ఈ వ్యాధి వచ్చే మనుషులు చాలావరకు అరవై దాటినవారు, వారిలో స్త్రీలూ ఉన్నారు, బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి.

బలవంతంగా చేయించడం, ఇష్టంతో చేయడం అన్న తేడా కూడా తేలిగ్గా తీసుకోదగినది కాదు. ట్రెడ్‌మిల్ మీద వెనకబడిన ఎలుకకు వెనక తీగల నుంచి చిన్న షాక్ తగిలే ఏర్పాటు చాలా ప్రయోగశాలలలో ఉంటుంది, పైగా ఎలుకలు నిద్రపోయే పగటి వేళే వాటిని పరిగెత్తిస్తారు. ఇదంతా ఒత్తిడి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పరిశోధకులు, చక్రంలో ఇష్టంగా పరిగెత్తిన ఎలుకలకు కలిగిన రక్షణ, వాటికి ఒత్తిడి కలిగించినప్పుడు తగ్గిపోయిందని 2005లో చూపారు. మరోవైపు వేగం, తీవ్రత ఉన్న ట్రెడ్‌మిల్ ప్రయోగాలలో మంచి ఫలితాలు వచ్చాయన్నది కూడా నిజమే. నాకు అర్థమైనంతలో, శ్రమ గట్టిగా ఉండాలి, అది హింసగా మాత్రం మారకూడదు. ఇంట్లో వాళ్లు దెప్పిపొడుస్తూ చేయించే వ్యాయామం ఎక్కువకాలం సాగదన్నది ఎలాగూ మనందరికీ తెలిసిన విషయమే.

మనుషుల దగ్గరకు వస్తే, 2009లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జే ఆల్బర్ట్స్ బృందం పదిమంది రోగులతో చేసిన చిన్న అధ్యయనం జంతు ప్రయోగాల నుంచే పుట్టింది. ఇద్దరు తొక్కే సైకిల్ మీద ముందు శిక్షకుణ్ణి కూర్చోబెట్టి, రోగి తనంతట తాను తొక్కగలిగిన వేగం కంటే సుమారు 30 శాతం ఎక్కువ వేగంతో కాళ్లు ఆడేలా చేశారు. ఎనిమిది వారాలకు, డాక్టర్లు కదలిక లోపాలను కొలిచి ఇచ్చే కదలిక స్కోరు 35 శాతం మెరుగుపడింది. తమ సొంత వేగంతో తొక్కినవారికి దారుఢ్యం పెరిగింది కానీ ఆ మెరుగుదల రాలేదు. పదిమంది మీద వచ్చిన అంకె కాబట్టి దాన్ని మీ నాన్నగారి నుంచి ఆశించవద్దు. 2018లో వెలువడిన, 128 మంది పాల్గొన్న స్పార్క్స్ అధ్యయనం దానికంటే గట్టిది. వీరంతా ఇంకా మందులు మొదలుపెట్టని తొలిదశ రోగులు. ఆరు నెలల్లో, వారానికి నాలుగు రోజులు గరిష్ఠ గుండె వేగంలో 80 నుంచి 85 శాతం చేరేలా ట్రెడ్‌మిల్ చేయమన్న గుంపులో కదలిక స్కోరు సగటున 0.3 పాయింట్లే దిగజారింది. మామూలుగా ఉండమన్న గుంపులో 3.2 పాయింట్లు దిగజారింది. 60 నుంచి 65 శాతం దగ్గర నడిచినవారికి స్పష్టమైన తేడా కనిపించలేదు. 2019లో నెదర్లాండ్స్‌లో 130 మందికి ఇంట్లో వ్యాయామ సైకిల్ ఇచ్చి, వారానికి మూడుసార్లు 30 నుంచి 45 నిమిషాలు తొక్కించినప్పుడు, శరీర సాగుదల వ్యాయామాలు మాత్రమే చేసినవారితో పోలిస్తే ఆరు నెలల తర్వాత కదలిక స్కోరులో వారికి అనుకూలంగా 4.2 పాయింట్ల తేడా వచ్చింది. ఆ కొలత మందు ప్రభావం లేని సమయంలో తీసుకున్నది, అందుకే దానికి విలువ ఎక్కువ.

ఈ అధ్యయనాలేవీ కణాలు బతికాయని నిరూపించలేదు, ఆరు నెలల స్కోరు దాన్ని నిరూపించజాలదు కూడా. కానీ ఈ ఫలితాలు లాస్ ఏంజెలిస్ చిట్టెలుకలలో చూసిన దానితో బాగా సరిపోతున్నాయి.

మాత్రల విషయం. మీ నాన్నగారు వేసుకుంటున్న లెవోడోపా-కార్బిడోపా మాత్రలోని లెవోడోపా మెదడులో డోపమిన్‌గా మారి లోటును పూడుస్తుంది. వ్యాయామం ఆ డోపమిన్‌ను వాడుకునే తీరును మెరుగుపరచవచ్చు కానీ, లేని దాన్ని తెచ్చివ్వలేదు. మందు తగ్గించేసి బిగుసుకుపోయిన మనిషి వ్యాయామమే చేయలేడు, పైగా ఈ మందును హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం, కండరాల బిగింపుతో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. మోతాదు మార్చాలనిపిస్తే ఆ నిర్ణయం న్యూరాలజిస్టుదే. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని వ్యాయామం పెట్టుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది.

ఎంత చేయాలి అంటే, అమెరికాలోని పార్కిన్సన్స్ ఫౌండేషన్ సూచించిన కొలత నాకు సబబుగా అనిపిస్తుంది: వారానికి కనీసం మూడు రోజులు, రోజుకు అరగంట ఆయాసం వచ్చే వ్యాయామం, రెండు మూడు రోజులు కండరాల బలానికి, రెండు మూడు రోజులు సమతూకానికి. సాయంత్రం పార్కులో మిత్రులతో కబుర్లు చెప్పుకుంటూ నడిచే నడక మంచిదే కానీ, ఈ అధ్యయనాలలో పనిచేసిన తీవ్రత అందులో ఉండదు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం రావాలన్నది మోస్తరు శ్రమకు గుర్తు, నాలుగు మాటలకు మించి ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే అది గట్టి శ్రమ. ఈ వ్యాధిలో గుండె వేగాన్ని నియంత్రించే నాడులు దెబ్బతినవచ్చు, కొన్ని బీపీ మాత్రలు కూడా గుండె వేగాన్ని పెరగనివ్వవు. అందువల్ల చేతి గడియారం చూపించే అంకెకన్నా ఈ గుర్తులు నమ్మదగినవి.

మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష చేయించండి, కూర్చున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూపించండి. లేచి నిలబడగానే బీపీ పడిపోవడం ఈ వ్యాధిలో మామూలే, ఈ వ్యాధికి వాడే మందుల వల్ల ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. మన ఎండలలో ఒంట్లో నీరు తగ్గితే అది మరింత ముదురుతుంది కాబట్టి వేసవిలో తెల్లవారుజామునో ఇంట్లోనో చేయించడం మేలు. నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోయే లక్షణం ఆయనకు ఉంటే ట్రెడ్‌మిల్ వద్దు, ఒకేచోట కదలకుండా ఉండే వ్యాయామ సైకిల్ కొనండి. పడిపోయే భయం లేకుండా గట్టిగా తొక్కవచ్చు, నెదర్లాండ్స్ అధ్యయనంలో వాడినదీ అదే. మొదటి రెండు మూడు నెలలు ఈ వ్యాధి గురించి తెలిసిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేయిస్తే, ఆ తర్వాత ఇంట్లోనే కొనసాగించవచ్చు.

ఇరిసిన్ ఇంజక్షన్ ఎక్కడ దొరుకుతుందని కూడా మీ ప్రశ్న చివర అడిగారు. మనుషులకు ఆమోదించిన అలాంటి మందు ఏదీ లేదు. ఆ పేరుతో ఎవరైనా ఏదైనా అమ్మితే కొనకండి.